గుడ్డ తగిలించని మేకు

సోమవారం

అయ్యా, ముందుగా నా రాతని మన్నించాలి. కోడి గీకినట్టుంది అనేవారు మా మేష్టారు. ఆయనా కోడిని చూసినవారు కాదు, నేనూ చూళ్ళేదు. ఒత్తులు దీర్ఘాలు ఎక్కడ తప్పినా మీరే దిద్దుకుని చదువుకోండి. మేముండే ఈ గుంట బడిలో మూడో తరగతి దాకా కూర్చున్నాను. ఆ తర్వాత గుంటంతటికీ వేడినిచ్చే వేడిరాయి దగ్గర పనికి పెట్టారు.

ఆరో గుంట సంగతులు రోజూ రాసి, కబుర్లందించే అద్దం ముందు పెట్టి, మా నెత్తిమీద తిరిగే మీ పై ఊరికి పంపే పని మా మనవరాలు వరాలుది. ఆ పిల్లకి చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. కలం పట్టుకుంటే జారిపోతోంది. మా గుంట పెద్ద వీర్రాఘవులు నన్ను పిలిచి, "నువ్వు రాయి పిచ్చయ్యన్నా, ఎలాగూ ఊరికే కూర్చుంటావుగా" అన్నాడు.

ఊరికే కూర్చోను. వేడిరాయి కడ్డీలు చూసుకుంటాను. ఆ మాట పైకి అనలేదు.

నా పేరు పిచ్చయ్య. ఇవాళ మీకు పంపే నీళ్ళ కోసం మంచు తవ్వారు. రెండు తొట్లు నిండాయి. మూడోది సగంలో ఆపేశారు, చేతులు ఆడట్లేదన్నారు. మధ్యాహ్నం దుంపకూర, క్యాబేజీ. వేడి సరిగానే ఉంది. అందరూ చలంటున్నారు.

మంగళవారం

పొద్దున్నే నా గది ముందు జనం. వేడి పెంచమని.

వేడి చూపించే ముల్లు ఎప్పుడూ ఉండే గీత మీదే ఉంది. చూపించాను. "నీ ముల్లు చచ్చిపోయింది తాతా" అన్నాడొకడు. ఇంకో ముల్లు తెచ్చి పెట్టాను. అదీ ఆ గీతే చూపించింది. అయినా ఎవరూ కదల్లేదు. ఏం చేస్తాను, కడ్డీ ఇంకాస్త పైకి లాగాను. కడ్డీ ఎంత లాగితే రాయి అంత తొందరగా అరుగుద్ది. ఆ సంగతి మీకు తెలుసు.

రాసేటప్పుడు చూసుకుంటే నా భుజాల మీద కూడా రెండు దుప్పట్లున్నాయి. రాయి పక్కనే కూర్చున్నాను నేను.

పొద్దుటి పాట పాడారు. ఆడవాళ్ళ గొంతులు కూడా మగగొంతుల్లా బొంగురుగా ఉన్నాయి. నాలుగో చరణానికి కొంతమంది నిలబడే కునికారు. వరాలుకి ఒంట్లో బాగోలేదు.

గురువారం

నిన్న రాయలేదు. నిద్ర పట్టేసింది. ఈ మధ్య అందరికీ అదే వరస.

ఇవాళ తలుపు దగ్గర గొడవ. మేకుల సంగతి చెప్తేగానీ అర్థం కాదు మీకు. ఆడవాళ్ళ విషయం, నేను రాయకూడనిది. అయినా చెప్తాను.

బయటికి వెళ్ళే పెద్ద తలుపు పక్కన గోడకి మేకులున్నాయి. ఒక్కో ఆడమనిషికి ఒక్కో మేకు. నెలలో ఆ రోజులు వచ్చినప్పుడు ఆమె తన మేకుకి ఎర్రగుడ్డ తగిలిస్తుంది. ఎవరూ ఏమీ అడగరు. ఆ రోజుల్లో బయట మంచు పని ఉండదు, లోపలి పని ఇస్తారు. వరసగా రెండు నెలలు గుడ్డ పడకపోతే నీళ్ళోసుకుందని లెక్క. అప్పుడు పాట పాడి, ఆమెని నా గది పక్కనున్న వెచ్చగదిలో పెడతారు. రెండు పాళ్ళ తిండి పెడతారు. మా అమ్మనీ అలాగే పెట్టారు. నేను పుట్టింది ఆ గదిలోనే.

కోటమ్మ అని, దుంపల దగ్గర పని చేస్తుంది, నోరు పెద్దది. ఆమె గుడ్డ తగిలించి చాలా వారాలైంది. తియ్యట్లేదు. ఇవాళ వీర్రాఘవులు అందరి ముందూ అడిగాడు.

"ఏం కోటమ్మా, నీ గుడ్డ మేకుకి అతుక్కుపోయిందా?"

"తీసి చూపించమంటావా పెద్దాయనా? నువ్వు ఉతుకుతావా?"

అంతా నవ్వారు. ఆయన నవ్వలేదు.

"బయట పని ఎగ్గొట్టడానికి ఇదొక దారి దొరికింది మీకు. ఒకత్తేమో గుడ్డ తియ్యదు. నలుగురేమో గుడ్డే వెయ్యరు, పోయి వెచ్చగదిలో పడుకుంటారు. తవ్వేదెవరు? నేనూ పిచ్చయ్యా?"

ఆ నలుగురిలో మా వరాలు ఒకతి. నేను తల దించుకున్నాను. కోటమ్మ గోడ పట్టుకుని నిలబడింది. ఆమె మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

శుక్రవారం

వెచ్చగదికి గంజి తీసుకెళ్ళాను. మిగతా ముగ్గురూ నిద్రపోతున్నారు. వరాలు గోడకి ఆనుకుని కూర్చుంది. మొహం ఉబ్బింది, కళ్ళకింద తిత్తులు. దువ్వెన నిండా జుట్టు.

"తాతా, వేడి తగ్గించావా?"

"లేదమ్మా. పెంచాను."

"మరి నాకెందుకింత చలి? లోపల బిడ్డకి కూడా చలేస్తుందా?"

గంజి తాగమన్నాను.

వరాలు గుడ్డ వెయ్యక చాలా కాలమైంది. ఈపాటికి ఎవరు చూసినా తెలియాలి. ఒళ్ళంతా బరువెక్కింది గానీ పొట్ట పొట్టలాగే ఉంది. ఆమె మొగుడు భూషణం మంచు తవ్వకంలో ఉంటాడు. వాడు మాత్రం మొన్న వచ్చి నా చేతులు పట్టుకుని, "తాతయ్యా, సందేహం లేదు. వరాలుకి పాలొస్తున్నాయంట" అన్నాడు. ఆ మాట చెప్పడానికి వాడికి నోరు తిరగలేదు. చెవులు ఎర్రబడ్డాయి. వినడానికి నాకూ అంతే. ఇద్దరం చాలాసేపు ముల్లు వంక చూస్తూ నిలబడ్డాం.

నా కూతురు వరాలుని కని పోయింది. ఈ పిల్లని నేనే పెంచాను. ఇంకెవరూ లేరు నాకు.

ఆదివారం

మీ దగ్గర్నించి జవాబొచ్చింది. "వరాలు అనే మనిషికి విశ్రాంతి ఇవ్వండి" అని. ఒంట్లో బాగోలేదని మాత్రమే రాశాను కాబట్టి మీరూ అంతే రాశారు. మీ తప్పేమీ లేదు.

సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి వీర్రాఘవులు మాట్లాడాడు. ఆరో గుంటలో బిడ్డ పుట్టి చాలా ఏళ్ళయిందన్నాడు. గుంటకి ఇంతమందికే గాలి అనే ఊపిరి లెక్క ప్రకారం, ఇలాగే బిడ్డలు లేకపోతే పై ఊరు మనల్ని మనుషుల్ని మార్చుకోమంటుంది అన్నాడు. వచ్చే బండిలో ఒకరిని పైకి పంపి, పిల్లల్ని కనగల మనిషిని ఒకరిని దింపించుకుందాం అన్నాడు.

"ఎవర్ని పంపుతావు?" అని కోటమ్మ అడిగింది.

"వెచ్చగదిలో ఎక్కువకాలం నించి ఉన్నదెవరు? వరాలు. అంత కాలం రెండు పాళ్ళు తిని, బిడ్డెక్కడ?"

భూషణం లేచాడు. "పాలొస్తున్నాయి పెద్దాయనా. అబద్ధం కాదు."

"పాలు కళ్ళతో చూశారా ఎవరైనా?"

ఆ మాటకి ఆడవాళ్ళంతా ఒక్కసారి గోల చేశారు. నాకు చెవులు మూసుకోవాలనిపించింది. వరాలు అక్కడే ఉంది. దుప్పటి ఎదమీదకి లాక్కుంది.

మార్పు బండెక్కినవాళ్ళు తిరిగి రారు. ఒకరి ఊపిరికి ఒకరి ఊపిరి. అది మీరు పెట్టిన రూలే. భూషణాన్ని వెంట పంపరు, తవ్వేవాళ్ళు తక్కువగా ఉన్నారు. నన్నెలాగూ పంపరు.

సోమవారం

మార్తమ్మ మా గుంట నర్సు. పరీక్ష పుల్లలు అయిపోయి చాలా కాలమైంది కాబట్టి, మేకులు చూసే కడుపు సంగతి తేల్చడం మాకు అలవాటైపోయింది. నిన్న సాయంత్రం జరిగినదానికి ఆమెకి నిద్రపట్టలేదంట. పొద్దున్నే పాత పెట్టెలన్నీ తిరగేసి ఒక పుల్ల పట్టుకొచ్చింది. వెచ్చగదిలో తెర కట్టింది. నేను తెర ఇవతల నిలబడ్డాను.

"ఒకటే గీత" అంది మార్తమ్మ.

"అంటే?"

"లేదమ్మా. కడుపు లేదు. ఎప్పుడూ లేదు."

"మరి పాలెందుకొచ్చినయ్ అత్తా?"

వరాలు మళ్ళీ అదే అడిగింది. మూడోసారి అడగలేదు. తర్వాత ఒక చప్పుడు వినిపించింది. ఏడుపని అనుకోలేదు నేను, గొంతు అంత బొంగురుపోయింది.

మార్తమ్మ బయటికి వచ్చి నా ముందు నిలబడింది. "బాబాయ్, పైనున్న డాక్టరమ్మకి రాయి. ఉన్నదున్నట్టు రాయి. ఒంట్లో బాగోలేదని రాస్తే ఆమె మాత్రం ఏం చేస్తుంది?"

"నువ్వు రాయరాదా అమ్మా?"

"నా చేతులు చూశావా?" అని చూపించింది. ఉబ్బి, వేళ్ళు ముడుచుకోవడం లేదు. "నేను చెప్తాను. నువ్వు రాయి. సిగ్గుపడితే పిల్ల బండెక్కుద్ది."

రాశాను. డాక్టరమ్మకని వేరే కాగితం పెట్టాను. నెలసరి ఆగిందని రాశాను. కోటమ్మకి ఆగట్లేదని రాశాను. బిడ్డ లేకుండా పాలొస్తున్నాయని రాశాను. ఆ ముక్క దగ్గర కలం ఆగింది. మార్తమ్మ "ఊఁ" అంది. రాశాను. చలి, నిద్ర, జుట్టు, గొంతు, మలబద్ధకం, చేతుల తిమ్మిరి, అన్నీ రాశాను. వరాలు రక్తం, కోటమ్మ రక్తం, ఇంకొందరి రక్తం రక్తప్పెట్టెలో పెట్టి, అది చూపించిన అంకెలు కూడా కింద వేశాను. మార్తమ్మ భూషణం రక్తం కూడా తీసింది. వాడెందుకని ఎవరో అంటే, "బిడ్డని ఒక్కత్తే కంటుందా?" అంది.

మీ ఊరు మా నెత్తిమీదకి వచ్చినప్పుడు అద్దం ముందు పెట్టాను.

గురువారం

అద్దంలోంచి డాక్టరమ్మ గొంతు వచ్చింది. ఆవిడ పేరు చెప్పలేదు. నిదానంగా, పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. అందరూ విన్నారు. నాకర్థమైనంత రాస్తాను, తప్పుంటే చెప్పండి.

మనిషి మెడలో ముందువైపు ఒక గ్రంథి ఉందంట, థైరాయిడ్. ఒంట్లో మంట ఎంత ఉండాలో అది చూస్తుందంట. మాకు ఆ గ్రంథి మందగించింది. అందుకే ముల్లు సరిగ్గా ఉన్నా చలి. చలి గదిలో లేదు, మా ఒంట్లో ఉంది.

గ్రంథి పని చెయ్యకపోతే తలలోంచి దానికి కేకలు వెళ్తాయంట. లే, పని చెయ్యి అని. ఆ కేక పాలు పుట్టించే చోటికి కూడా వినపడుద్దంట. అది తననే పిలిచారనుకుని పాల హార్మోన్ పెంచుద్ది. పాల హార్మోన్ పెరిగితే, బిడ్డ చంకలో ఉందనుకుని, అండం విడవమని తల నించి వెళ్ళే కబురు తగ్గిపోద్ది. అండం లేకపోతే నెలసరి తప్పుద్ది. కొందరికి తప్పుద్ది, కొందరికి అండం లేకుండానే లోపలి పొర పేరుకుని, విరిగి, రోజుల తరబడి పోతూనే ఉంటుంది. వరాలుదీ కోటమ్మదీ ఒకటే జబ్బని చెప్పింది.

నాకిది తెలుసనిపించింది. మా గొట్టాల్లో ఒకసారి తీగ తెగి పక్క తీగకి ఆనుకుంది. స్నానాల గదికి వేడి అడిగితే వంటగది కవాటం తెరుచుకునేది. వంటవాళ్ళు చెమటలు కక్కుతుంటే, స్నానం చేసేవాళ్ళు నన్ను తిట్టేవాళ్ళు.

భూషణానికి కూడా గ్రంథి మందగించిందని చెప్పింది. మగవాళ్ళకి కూడా దీనివల్ల కోరిక తగ్గుద్ది, బీజం తగ్గుద్ది అంది. అక్కడున్న మగవాళ్ళంతా నేల చూశారు. కోటమ్మ ఒక్కత్తే, "మేకులు మీక్కూడా కొట్టించాల్సింది" అంది.

"గొడ్రాలినా నేను?" అని వరాలు అద్దం దగ్గరికి వెళ్ళి అడిగింది. మాట పైకి వెళ్ళి రావడానికి సమయం పడుద్ది. అందరం అలాగే నిలబడ్డాం.

"కాదు" అని వచ్చింది. "గొడ్రాలివి కాదమ్మా. థైరాయిడ్ మాత్ర రోజూ పరగడుపున వేసుకోవాలి. కొన్ని వారాలకి రక్తం మళ్ళీ చూడాలి. గ్రంథి లెక్క సరైతే పాలు ఆగుతాయి, నెలసరి దారిన పడుద్ది. బిడ్డ పుడుద్దని నేను మాటివ్వలేను. కానీ చాలామందికి పుట్టారు."

ఆ తర్వాత అడిగింది. "మీరు నాచు తినడం ఎప్పుడు మానేశారు?"

అందరూ వీర్రాఘవులు వంక చూశారు.

శుక్రవారం

నాచు సంగతి.

పెద్దవాళ్ళు పాత లోకం నించి వచ్చినప్పుడు సముద్రపు నాచు తెచ్చి, తొట్టెలో పెంచారు. మా చిన్నప్పుడంతా అదే కూర. ఒకటే కంపు. వీర్రాఘవులు పెద్ద అయ్యాక తొట్టె ఎండబెట్టి, ఆ చోట దుంపలు, క్యాబేజీ వేయించాడు. ఆ రోజు గుంటంతా పండగ. నాచుకి దినం చేశాం. నిజంగానే చేశాం, చాప వేసి, చివరి నాచు ముద్ద దాని మీద పెట్టి. కోటమ్మ జుట్టు విరబోసుకుని, "పోయావా తల్లీ, మమ్మల్ని వదిలి పోయావా" అని దాని మీద పడి ఏడ్చింది. కడుపుబ్బ నవ్వాం. పదకొండో రోజున దుంపల పాయసం కూడా పెట్టారు.

గ్రంథికి కావలసిన అయోడిన్ మాకు ఆ నాచులోంచే వచ్చేదంట. మంచులోంచి తీసే ఉప్పులో అది లేదు. రోజూ ఈ దుంప, క్యాబేజీ తినడం కూడా దానికి తోడైందని డాక్టరమ్మ చెప్పింది. దినం పెట్టింది నాచుకి కాదన్నమాట.

కోటమ్మ ఇవాళ పొద్దున గరిట తీసుకుని పాత తొట్టె గోడల మీద ఎండిన చెక్కు గీకడానికి వెళ్ళింది. మార్తమ్మ పరిగెత్తి గరిట లాక్కుంది.

"ఆగవే. ఎంత తినాలో తెలీకుండా తింటే, ఉన్న కాస్తా మూతపడుద్దంట. డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది."

"అప్పుడు నవ్వుతూ చంపాను. ఇప్పుడు గీక్కుని తినడానిక్కూడా లేదా?" అని కోటమ్మ అక్కడే కూలబడింది. ఈసారి నిజంగా ఏడ్చింది.

సాయంత్రం వీర్రాఘవులు నా గదికొచ్చాడు. కూర్చోలేదు.

"మంచిదేగా పిచ్చయ్యన్నా. మందులు పైనే ఉన్నాయి. వరాలు బండెక్కితే అక్కడే బాగవుద్ది."

"తిరిగి రాదుగా."

"రూలు మార్చడం నా చేతిలో ఉందా?"

"మరి నువ్వు? నీక్కూడా చలేస్తుందిగా. నువ్వెక్కు."

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఆయన నా వంక చూశాడు. ఆయన మొహమూ ఉబ్బే ఉంది. కనుబొమ్మల చివరలు ఊడిపోయాయి. ఇన్నాళ్ళూ చూళ్ళేదు నేను. భుజం మీది దుప్పటి సర్దుకుని, "పైవాళ్ళు మాత్రలు దింపుతామంటే వరాలు పేరు కొట్టేస్తాను" అని వెళ్ళిపోయాడు. ఆ మాటకి మార్తమ్మ సాక్షి. వాకిట్లోనే ఉంది.

శనివారం

ఇవాళ కడ్డీ కిందకి దించాను. పాత గీత మీద పెట్టాను. ఎవరొచ్చి అడిగినా, "చలి నా దగ్గర లేదు, మన మెడలో ఉంది" అని చెప్పాను. ఒకరిద్దరు తిట్టారు. రాయి అరిగిపోతే మాత్రలు వచ్చినా ఉపయోగం లేదు.

వరాలు తనంతట తనే వెచ్చగది ఖాళీ చేసింది. కోటమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్క మీద పడుకోబెట్టింది. "నీకు రక్తం లేదు పిన్నీ, నువ్వు పడుకో" అంది. కోటమ్మ నోరెత్తలేదు. ఆవిడ ఎదురు చెప్పకపోవడం నేను ఇదే చూడటం.

ఆ తర్వాత వరాలు తలుపు దగ్గరికి వెళ్ళి తన మేకు ముందు నిలబడింది. ఉతికి మడిచిన ఎర్రగుడ్డ చేతిలో ఉంది. తగిలించలేదు. ఊరికే మేకు మీద దుమ్ము తుడిచింది.

ఆదివారం

అయ్యా, ఇది మీ కచేరిలో బండి సరుకుకి సంతకం పెట్టే వారికి. ఇన్ని రోజుల రాతలూ మీరు చదివారో లేదో తెలీదు కాబట్టి ముఖ్యమైన ముక్క మళ్ళీ రాస్తున్నాను.

డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. మొదట వరాలుకి, కోటమ్మకి, వెచ్చగదిలో ఉన్న మిగతా ముగ్గురికి, భూషణానికి. తర్వాత రక్తం చూసి మిగతావాళ్ళకి. అయోడిన్ కలిపిన ఉప్పు కూడా కావాలి. నాచు విత్తనం మీ దగ్గర బతికి ఉంటే అది కూడా. కంపు కొట్టినా తింటాం. కానీ మీరు సంతకం పెడితేగానీ బండికి ఎక్కించరంట.

మనిషి బరువు కన్నా మాత్రల డబ్బా బరువు తక్కువ. మీ బండి ఇంకో మనిషితో దిగి మా వరాలుని ఎక్కించుకుపోయే బదులు, మాత్రలతో దిగి మా నీళ్ళు ఎక్కించుకుపోతే రెండు ఊళ్ళకీ మంచిదని నా బుద్ధికి తోస్తోంది. మీరు చదువుకున్నవారు. మీరే ఆలోచించండి.

ఇది రాస్తుంటే వరాలు పక్కన కూర్చుని కాగితం కదలకుండా అరచేత్తో అదిమి పట్టుకుంది. వేళ్ళు ముడవలేదు గానీ అరచెయ్యి పనికొస్తుంది. రాసిందంతా చదివింది. "తాతా, పాల సంగతి మళ్ళీ రాశావా?" అని అడిగింది.

"రాయలేదమ్మా. ఒకసారి రాశాగా."

"రాయి. వాళ్ళకి అదే ముఖ్యం."

రాస్తున్నాను. మా మనవరాలికి బిడ్డ లేకుండా పాలొస్తున్నాయి. అబద్ధం కాదు, దొంగతనం కాదు. జబ్బు. దానికి మందుంది. ఆ మందు మీ దగ్గరుంది.

బండి మీ దగ్గర బయలుదేరితే మధ్యలో ఆగదు. అది కదలకముందే రెండు ముక్కలు రాయండి. మాత్రలు ఎక్కించామని ఒకటి. వరాలు ఉన్నచోటే ఉండొచ్చని ఒకటి. అద్దం దగ్గర చలిగా ఉంటుంది, అయినా మీ ఊరు మా నెత్తిమీదకి వచ్చిన ప్రతిసారీ నేను అక్కడే కూర్చుంటాను. నా రాత అర్థం కాకపోతే మళ్ళీ రాయమనండి, రాస్తాను. జవాబు మాత్రం తొందరగా పంపండి.

ఇట్లు,
వేడిరాయి పిచ్చయ్య,
ఆరో గుంట